ఏదీ కొనకుండానే మొదలుపెట్టొచ్చు: సిటీ కాలనీలో పచ్చగా బతకడానికి స్టెప్ బై స్టెప్ గైడ్

"ఇక నుంచి పర్యావరణానికి మంచి చేద్దాం" అని డిసైడ్ అవ్వగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఫోన్ తీసి ఏదో ఒకటి ఆర్డర్ పెట్టడం. నేనూ అంతే. వెదురు బ్రష్షులు, స్టీల్ స్ట్రాలు, "ఎకో" అని రాసున్న ఆకుపచ్చ డబ్బాలు, గుడ్డ సంచులు అరడజను... ఇవన్నీ ప్యాక్ చేసొచ్చిన అట్టపెట్టెలతోనే ఆ వారం మా చెత్తబుట్ట నిండిపోయింది. ఆ స్ట్రాలు ఇప్పటికీ డ్రాయర్‌లోనే ఉన్నాయి, మా ఇంట్లో అసలు స్ట్రాతో తాగే అలవాటు ఎవరికీ లేదు మరి.

అందుకే ఈ గైడ్‌లో ఒకటే రూల్. మొదటి నెల ఏమీ కొనొద్దు, ముందు మన ఇంట్లోంచి ఏం బయటికి పోతోందో చూడండి. చెత్త పోతోంది, కరెంటు పోతోంది, నీళ్లు పోతున్నాయి. ఎంత పోతోందో తెలిస్తే ఎక్కడ చెయ్యి పెట్టాలో అదే తెలుస్తుంది.

స్టెప్ 1: ఒక వారం లెక్క రాయండి

ఒక పాత నోట్‌బుక్ తీసుకుని వంటింట్లో వేలాడదియ్యండి. రోజూ చెత్త బయట పెట్టే ముందు కవర్‌ని తూచి బరువు రాయండి, లగేజీ తూచే చిన్న కొక్కెం కాటా ఉంటే అది చాలు, లేదంటే బాత్రూమ్ వెయింగ్ మెషీన్ మీద మీరు ఒకసారి ఉత్తి చేతులతో, ఒకసారి చెత్త పట్టుకుని నిలబడి తేడా తీసుకోండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

కరెంటుకి ఇంకో చిన్న ట్రిక్కుంది. రాత్రి అన్నీ ఆపేసి పడుకునే ముందు మీటర్ రీడింగ్ ఫోటో తీస్కోండి, పొద్దున్న లేవగానే ఇంకోటి తియ్యండి. ఆ రాత్రి ఏసీ, గీజర్ వాడకుండా ఉంటే ఇంకా మంచిది. ఆ రెండిటి తేడాలోంచి ఫ్యాన్లు, ఫ్రిజ్ తీసేస్తే మిగిలేది మీరు నిద్రపోతుంటే ఊరికే తాగుతున్న కరెంటు. సెట్‌టాప్ బాక్సు, రౌటర్, టీవీ స్టాండ్‌బై, ప్లగ్గులో వదిలేసిన ఛార్జర్లు, మైక్రోవేవ్ మీద వెలిగే గడియారం, ఇలా ఒక్కోటి చూస్తే ఏమీ లేదనిపిస్తుంది గానీ 10 వాట్ల వస్తువు ఏదైనా సంవత్సరం పొడుగునా ఆన్‌లో ఉంటే దాదాపు 88 యూనిట్లు అవుతుంది. మా ఇంట్లో అలాంటివి ఏడు తేలాయి.

నీళ్లకి మీటర్ ఉంటే అదే పద్ధతి. లేకపోతే ట్యాంక్ ఎన్ని రోజులకి ఖాళీ అవుతోందో రాస్కోండి, అంత కరెక్ట్‌గా ఉండదు కానీ పనికొస్తుంది.

స్టెప్ 2: చెత్తని మూడుగా విడదియ్యండి, అదీ పడేసేటప్పుడే

ఇది అందరికీ తెలిసిందే, అయినా చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చెత్త అంతా ఒక బుట్టలో పడేసి సాయంత్రం కూర్చుని వేరు చేద్దాం అనుకుంటారు. అది రెండ్రోజులు నడుస్తుంది, మూడో రోజు వాసనకి చిరాకొచ్చి మానేస్తారు. వేరు చెయ్యడం అనేది పడేసే క్షణంలోనే జరగాలి, అంటే బుట్టలు పక్కపక్కనే ఉండాలి, వంటింట్లో తడి చెత్త బుట్ట చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి.

తడి చెత్త అంటే కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, మిగిలిపోయిన తిండి, వాడేసిన టీ కాఫీ పొడి, వాడిపోయిన పూలు. పొడి చెత్త అంటే కాగితం, అట్టలు, ప్లాస్టిక్, గాజు, లోహం. మూడోది ప్రమాదకరమైంది, అంటే బ్యాటరీలు, బల్బులు, మందులు, పెయింట్ డబ్బాలు, పురుగుల మందు స్ప్రేలు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు వీటిలో దేంట్లోనూ కలపొద్దు, కాగితంలో గట్టిగా చుట్టి దాని మీద ఎర్ర మార్క్ పెట్టి విడిగా ఇవ్వండి. ఆ కవర్‌ని విప్పేది ఎవరో ఒక మనిషి ఉత్తి చేతులతోనే అనేది గుర్తుంచుకుంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. పగిలిన గాజు కూడా అంతే, మందపాటి పేపర్లో చుట్టి టేప్ వేసి పైన "గాజు" అని రాయండి.

పొడి చెత్తలో ఒక్క పని చేస్తే చాలు, డబ్బాలూ కవర్లూ ఒకసారి నీళ్లతో కడిగి ఆరబెట్టండి. గిన్నెలు కడిగిన మిగులు నీళ్లు చాలు దీనికి, మంచి నీళ్లు అక్కర్లేదు. నూనె, తిండి అంటిన కాగితం రీసైకిల్ అవ్వదు, పైగా పక్కనున్న మంచి కాగితాన్ని కూడా పాడు చేస్తుంది. అలాంటి జిడ్డు అట్టని చింపి, శుభ్రంగా ఉన్న ముక్క పొడి చెత్తలోకి, జిడ్డు ముక్క విడిగా.

ప్లాస్టిక్ అడుగున త్రిభుజంలో 1 నుంచి 7 దాకా నంబర్ ఉంటుంది చూశారా, అది ఉంటే చాలు రీసైకిల్ అయిపోతుందని చాలామంది నమ్మకం. కాదు. అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే గుర్తు అంతే. 1 అంటే నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్, 2 అంటే షాంపూ సీసాల లాంటి గట్టి పాలిథిన్, 5 అంటే పాలీప్రొపిలీన్ డబ్బాలు. వీటికి కొనేవాళ్లు దొరికే అవకాశం ఎక్కువ. లోపల వెండిలా మెరిసే చిప్స్ ప్యాకెట్లు, సాషేలు మాత్రం రెండు మూడు పొరలు అతికించి చేసినవి, ఆ పొరల్ని విడదియ్యడం కష్టం కాబట్టి వాటిని ఎవరూ తీసుకోరు, వాటిని కొనడం తగ్గించడమే దారి. మీ ఏరియాలో ఏవి తీసుకుంటారో పొడి చెత్త తీసుకెళ్లే మనిషినే అడగండి, ఇంటర్నెట్ కంటే ఆయనకే బాగా తెలుసు.

లిథియం బ్యాటరీలు, అంటే ఫోన్, పవర్ బ్యాంక్, ఇయర్‌ఫోన్స్‌లో ఉండేవి, చెత్త లారీలో నలిగితే మంటలు లేస్తాయి. అందుకే వాటి కొసలకి టేప్ అతికించి విడిగా దాచండి. ఉబ్బిపోయిన బ్యాటరీని పొరపాటున కూడా గుచ్చొద్దు, నొక్కొద్దు. పాత ట్యూబ్‌లైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో కొంచెం పాదరసం ఉంటుంది, పగిలితే కిటికీలు తెరిచి కాసేపు ఆ గదిలోంచి బయటికి వెళ్లిపోండి, తర్వాత ముక్కల్ని గట్టి కాగితంతో ఎత్తండి, వ్యాక్యూమ్ క్లీనర్ మాత్రం పెట్టొద్దు.

స్టెప్ 3: కంపోస్ట్

ఇంట్లో చెత్తని తూచినవాళ్లకి ఈ పాటికే తెలిసిపోయి ఉంటుంది, బరువులో పెద్ద వాటా తడి చెత్తదే. అది డంప్‌యార్డ్‌కి పోయి గుట్ట కింద గాలి ఆడక కుళ్లితే మీథేన్ పుడుతుంది. 100 ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, 20 ఏళ్ల లెక్కన చూస్తే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అదే తొక్క మన బాల్కనీలో గాలి తగిలేలా కుళ్లితే మట్టి అవుతుంది. తొక్క ఒకటే, తేడా గాలిది.

కావలసినవి: 20 లీటర్ల పాత బకెట్లు రెండు, మూతలు, ఎండుటాకులు ఒక సంచి, ఏదైనా తోటలోంచి లేదా పాత కుండీలోంచి ఒక గుప్పెడు మట్టి. ఎండుటాకులు దొరక్కపోతే చింపిన అట్టపెట్టెలు, రంపపు పొట్టు, న్యూస్‌పేపర్ ముక్కలు. ఏదీ కొనక్కర్లేదు అన్నాను కదా.

ముందు బకెట్ పక్కల్లో, అడుగున పెన్సిల్ దూరేంత రంధ్రాలు ఒక ఇరవై ముప్పై పెట్టండి. అడుగున నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, దాని మీద ఆ గుప్పెడు మట్టి చల్లండి, అందులో ఉన్న సూక్ష్మజీవులే మన పనివాళ్లు. బకెట్ కింద ఒక పళ్లెం పెట్టండి, ఏమైనా కారితే నేల పాడవదు.

ఇక రోజూ చేసేది ఇంతే. తడి చెత్తని చిన్న ముక్కలుగా చేసి వెయ్యండి, దాని మీద రెండింతల ఎండు సరుకు వెయ్యండి. ఒక గిన్నె తొక్కలకి రెండు గిన్నెల ఆకులు. దీని వెనక లెక్క ఏంటంటే, కంపోస్ట్ బాగా నడవాలంటే కార్బన్, నత్రజని దాదాపు 30 కి 1 పాళ్లలో ఉండాలి, తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. ఆ లెక్క మీరు వెయ్యక్కర్లేదు, ఆకులు పైన కప్పినట్టు కనిపిస్తే చాలు, తొక్క ఒక్కటి కూడా పైకి కనపడకూడదు. మూడు నాలుగు రోజులకోసారి కర్రతో కిందది పైకి వచ్చేలా కలపండి.

తేమ చూడటానికి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు వస్తే కరెక్ట్, ధారగా కారితే తడి ఎక్కువైంది, పొడిపొడిగా రాలిపోతే కొంచెం నీళ్లు చల్లాలి.

మాంసం, ఎముకలు, పాల పదార్థాలు, నూనె ఎక్కువున్న వంటకాలు ఈ బకెట్‌లో వెయ్యొద్దు. బకెట్ లాంటి చిన్న కుప్ప పెద్ద కుప్పలాగా వేడెక్కదు, అవి కుళ్లే లోపు వాసనకి ఎలుకలు వచ్చేస్తాయి. నిమ్మ, నారింజ తొక్కలు కొంచెం కొంచెం వేస్తే ఏమీ కాదు. గుడ్డు పెంకులు నలిపి వెయ్యండి.

ఇప్పుడు అసలు విషయం, వాసన. కంపోస్ట్ మానేసినవాళ్లని ఎవరినైనా అడగండి, వాసన లేదా పురుగులు అంటారు. కుళ్లిన గుడ్డు వాసన వస్తోందంటే లోపల గాలి ఆడట్లేదు, కలిపి ఎండు సరుకు ఇంకా వెయ్యండి. ముక్కు మండేలా అమ్మోనియా వాసనంటే నత్రజని ఎక్కువైంది, దానికీ మందు ఎండుటాకులే. చిన్న చిన్న ఈగలు ముసురుతున్నాయంటే తొక్కలు పైకి కనపడుతున్నాయని అర్థం. తెల్లగా బూజు పడితే సంతోషించండి, అది ఫంగస్, పని చేస్తోంది. లావుగా గోధుమరంగులో పురుగులు కనపడితే చాలామంది అక్కడే కెవ్వుమని మొత్తం పారేస్తారు (నేను మొదటిసారి బకెట్‌తో సహా పారేశాను), అవి చాలావరకు బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, మనల్ని కుట్టవు, రోగాలు తేవు, మనకంటే వేగంగా చెత్త తింటాయి. చూడలేకపోతే ఎండు సరుకు పెంచండి, తగ్గిపోతాయి.

ఒక బకెట్ నిండాక మూత పెట్టి పక్కన పెట్టేసి రెండోది మొదలుపెట్టండి. మొదటిది రెండు మూడు నెలల్లో మూడో వంతుకి దిగిపోతుంది. అయ్యిందో లేదో ఎలా తెలుస్తుందంటే, ఏ తొక్కా గుర్తుపట్టలేకుండా ఉండి, మొదటి వాన పడినప్పుడు వచ్చే మట్టి వాసన వస్తుంది. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, మట్టిలోని ఒక రకం బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. ఇంకా డౌట్ ఉంటే కొంచెం కవర్లో కట్టి రెండ్రోజులు ఉంచి తెరవండి, చెడ్డ వాసన వస్తే ఇంకో రెండు వారాలు ఆగండి. కుండీల్లో వాడేటప్పుడు ఒక వంతు కంపోస్ట్‌కి మూడు నాలుగు వంతుల మట్టి కలపాలి, ఉత్త కంపోస్ట్‌లో మొక్క పెడితే నీళ్లు నిలిచిపోయి వేర్లు కుళ్లుతాయి.

"కంపోస్టబుల్" అని రాసున్న ప్లాస్టిక్ లాంటి గ్లాసులు, చెంచాలు ఈ బకెట్‌లో కరగవు. వాటికి ఫ్యాక్టరీ స్థాయిలో 60 డిగ్రీల దగ్గర వేడి కావాలి. నేను ఒకదాన్ని పాతిపెట్టి సంవత్సరం తర్వాత తీశాను, కడిగితే మళ్లీ వాడుకోవచ్చు, అంత బాగుంది.

స్టెప్ 4: తిండి పారెయ్యడం తగ్గించండి

కంపోస్ట్ చేస్తున్నాం కదా అని తిండి పారేస్తే ఎలా. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయ్యింది, అందులో 60 శాతం ఇళ్లల్లోనే. హోటళ్లని, ఫంక్షన్లని తిట్టుకుంటాం గానీ పెద్ద వాటా మన ఫ్రిజ్‌ది.

చెయ్యాల్సింది చాలా సింపుల్. ఫ్రిజ్‌లో కళ్లకి ఎదురుగా ఉండే అరని "ముందు ఇవి తినాలి" అరగా పెట్టేస్కోండి, కొత్తవి వెనక్కి, పాతవి ముందుకి. బజారుకి వెళ్లేముందు ఫ్రిజ్ లోపల ఫోటో తీసుకోండి. ప్యాకెట్ మీద తేదీల్లో కూడా తేడా ఉంది, "బెస్ట్ బిఫోర్" అంటే ఆ తేదీ తర్వాత రుచి, కరకర తగ్గొచ్చు అని, "యూజ్ బై" అంటే మాత్రం ఆ తేదీ దాటాక తినకూడదని.

స్టెప్ 5: కరెంటు, పెద్ద చేపల్ని ముందు పట్టండి

లైటు ఆపమని పిల్లల వెంట పడే పెద్దవాళ్లే గీజర్ ఆన్ చేసి మర్చిపోతారు. లెక్క చూడండి. 2000 వాట్ల గీజర్ అరగంట నడిస్తే ఒక యూనిట్. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు అదే ఒక యూనిట్ తాగాలంటే 111 గంటలు వెలగాలి. వాట్లని గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి, ఇంట్లో వస్తువులన్నిటికీ ఈ లెక్క ఒకసారి వేసి పెద్దది పైన చిన్నది కింద వచ్చేలా రాస్కోండి. వేడి చేసేవీ చల్లబరిచేవీ పైన ఉంటాయి, వెలుగిచ్చేవి కింద ఉంటాయి, దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇంతే.

ఏసీ ఉంటే 24 నుంచి 26 మధ్య పెట్టి ఫ్యాన్ కూడా తిప్పండి. ఫ్యాన్ గదిని చల్లబరచదు, ఒంటి మీద చెమటని ఆరబెడుతుంది, అందువల్ల రెండు డిగ్రీలు ఎక్కువ పెట్టినా అదే చల్లదనం అనిపిస్తుంది. మనుషులు లేని గదిలో ఫ్యాన్ తిరిగితే అది ఉత్త వృథా. ఏసీ ఫిల్టర్ నెలకోసారి మీరే తీసి కడగొచ్చు, దానికి మెకానిక్ అక్కర్లేదు. పడమటి కిటికీకి లోపల కర్టెన్ కంటే బయట నీడ మేలు, ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక దాన్ని ఆపినా వేడి ఇంట్లోనే ఉంటుంది.

ఫ్రిజ్ 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 చాలు, అంతకంటే చల్లగా పెడితే ఉత్త ఖర్చు. తలుపు రబ్బరు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగండి, సులువుగా వచ్చేస్తే రబ్బరు మార్చాలి. ఫ్రిజ్‌ని గోడకి ఆనించి పెట్టొద్దు, వెనక వేడి పోవడానికి నాలుగు వేళ్ల సందన్నా ఉండాలి.

మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటుంది, తక్కువ కరెంటుతో తిరిగే మోటార్ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర నడుస్తుంది. రోజుకి 12 గంటలు తిరిగే ఫ్యాన్ అయితే నెలకి 16 యూనిట్లు మిగులుతుంది. అయినా సరే, బాగా పనిచేస్తున్న ఫ్యాన్‌ని పీకి మార్చమని నేను చెప్పను, పాతది పాడైనప్పుడు మార్చండి, అదీ ఎక్కువసేపు తిరిగే గదిలో ముందు.

సోలార్ గురించి అందరూ అడుగుతారు. 1 కిలోవాట్‌కి దాదాపు 10 చదరపు మీటర్ల నీడ పడని చోటు కావాలి, ఎండ బాగా ఉండే ప్రాంతాల్లో రోజుకి 4 యూనిట్ల దాకా వస్తుంది. కానీ పైవన్నీ చేశాకే సోలార్ సైజు లెక్క వేయించుకోండి, లేకపోతే వృథా అయ్యే కరెంటుకి కూడా ప్యానెళ్లు కొనాల్సి వస్తుంది.

స్టెప్ 6: నీళ్లు

సెకనుకి ఒక చుక్క కారే కుళాయి రోజుకి 20 లీటర్ల పైనే పారేస్తుంది. నమ్మకం కుదరకపోతే కింద ఒక గ్లాసు పెట్టి గంట తర్వాత చూడండి. చాలాసార్లు అది లోపలున్న రబ్బరు వాషర్ అరిగిపోవడమే, అయిదు నిమిషాల పని.

కనపడని లీకేజీ టాయిలెట్ ఫ్లష్ ట్యాంక్‌లో ఉంటుంది. ట్యాంక్‌లో కొంచెం ఫుడ్ కలర్ వేసి ఫ్లష్ చెయ్యకుండా పావుగంట ఆగండి. రంగు కిందకి బేసిన్‌లోకి వచ్చిందంటే వాల్వ్ కారుతోంది. ఇది ఈ మొత్తం గైడ్‌లో అన్నిటికంటే తక్కువ కష్టంతో ఎక్కువ లాభం ఇచ్చే టెస్ట్, అయినా ఎవరూ చెయ్యరు.

కుళాయి మూతికి ఏరేటర్ బిగిస్తే నీళ్లలో గాలి కలిసి ధార అంతే లావుగా అనిపిస్తుంది కానీ నీళ్లు సగానికి సగం తగ్గుతాయి. ఆర్వో వాటర్ ఫిల్టర్ ఉంటే అది పారేసే నీళ్ల పైపుని బకెట్‌లోకి పెట్టండి, నేల తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. మొక్కలకి మాత్రం రోజూ అవే పొయ్యొద్దు, వాటిలో లవణాలు ఎక్కువ, కొన్నాళ్లకి మట్టి పైన తెల్లగా పేరుకుంటుంది. ఏసీ లోంచి కారే నీళ్లు దానికి ఉల్టా, అందులో లవణాలు దాదాపు ఉండవు, మొక్కలకి హాయిగా పొయ్యొచ్చు, తాగడానికి మాత్రం కాదు.

వాన నీటి లెక్క చాలా అందంగా ఉంటుంది. ఒక చదరపు మీటర్ మీద 1 మిల్లీమీటర్ వాన పడితే సరిగ్గా 1 లీటర్. అంటే 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు, ఆవిరయ్యేదీ ఇంకేదీ తీసేసినా 800 లీటర్ల దాకా పట్టుకోవచ్చు. మొదటి జల్లు డాబా మీదున్న దుమ్ము, పక్షి రెట్టలు కడుక్కుని వస్తుంది, దాన్ని బయటికి వదిలేసి తర్వాత నీళ్లనే పట్టండి. డ్రమ్ముకి మెష్ మూత ఉండాలి. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు, కాబట్టి కుండీల కింద పళ్లేల్లో నీళ్లు కూడా వారానికి ఒకసారి తప్పకుండా పారబొయ్యాలి.

స్టెప్ 7: కొనడం, వాడటం, బాగుచేయించడం

గుడ్డ సంచుల దగ్గరికి వద్దాం. బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ప్రచురించిన లెక్కలో ఒక కాటన్ సంచిని కనీసం 131 సార్లు వాడితే గానీ, ఒకసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ కవర్ కంటే వాతావరణానికి మేలు అనిపించుకోదని తేలింది. పత్తి పండించడానికి, నెయ్యడానికి అంత ఖర్చవుతుంది మరి. అంటే ప్లాస్టిక్ మంచిదని కాదు, ప్లాస్టిక్ కాలవల్లో అడ్డం పడటం, జంతువులు తినడం ఆ లెక్కలో లేవు. దీనర్థం ఏంటంటే ఫంక్షన్లలో, షాపుల్లో ఇచ్చే ఎనిమిదో గుడ్డ సంచి మీకు అక్కర్లేదు, ఉన్న రెండింటినే చిరిగేదాకా వాడాలి. ఒకటి బండిలో, ఒకటి బ్యాగులో. తలుపు పక్కన వేలాడదీస్తే మర్చిపోతాం, చెప్పులేసుకునే చోట వేలాడదియ్యండి.

బట్టలు ఫుల్ లోడ్ అయ్యాకే మెషీన్ వెయ్యండి, చల్లనీళ్లతోనే ఉతకండి, వేడి నీళ్ల ప్రోగ్రామ్‌లో కరెంటు ఎక్కువ భాగం నీళ్లు కాచడానికే పోతుంది. ఆరెయ్యడానికి తాడు ఉంది.

వస్తువు పాడైతే మొదటి ప్రశ్న "కొత్తది ఎంత" అని కాకుండా "ఏ పార్ట్ పోయింది" అని ఉండాలి. మిక్సీ ఆగిపోతే చాలాసార్లు కార్బన్ బ్రష్ అరిగి ఉంటుంది, ఫ్యాన్ మెల్లగా తిరిగితే కెపాసిటర్ పోయి ఉంటుంది, రెండూ చిన్న రిపేర్లే.

స్టెప్ 8: బయటికి వెళ్లేటప్పుడు

కిలోమీటర్ లోపు అయితే నడవండి. కిలోమీటర్ లెక్కన చూస్తే చిన్న ట్రిప్పులే ఎక్కువ పొగ వదులుతాయి, ఎందుకంటే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది, అది వేడెక్కే లోపు మనం షాపు దగ్గర దిగిపోతాం. ఎవరి కోసమైనా ఆగినప్పుడు 10 సెకన్లకి మించి ఆగాల్సి వస్తే కారు ఇంజిన్ ఆపెయ్యడమే మేలు, మళ్లీ స్టార్ట్ చెయ్యడానికి అంతకంటే ఎక్కువ ఇంధనం ఏమీ కాదు. టైర్లలో గాలి నెలకోసారి చూపించండి. అంతే, దీని మీద ఇంతకంటే పెద్ద పురాణం అక్కర్లేదు.

స్టెప్ 9: మొక్కలు, చెట్లు, నీడ

ముందొక మాట, ఇంట్లో నాలుగు కుండీలు పెడితే గాలి శుభ్రమైపోతుంది అనేది నిజం కాదు. ఆ మాట 1989లో నాసా మూసేసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. 2019లో ఆ తరహా ప్రయోగాలన్నీ కలిపి మళ్లీ లెక్కేస్తే, కిటికీ తెరిస్తే వచ్చే గాలితో పోటీ పడాలంటే చదరపు మీటర్‌కి 10 నుంచి 1000 దాకా మొక్కలు కావాలని తేలింది. ఇష్టం కోసం పెంచుకోండి, గాలికి కిటికీ తెరవండి.

వీధిలో చెట్టు మాత్రం వేరే కథ. ఎండలో మాడే రోడ్డు కంటే చెట్టు నీడలో ఉన్న రోడ్డు ఉపరితలం 11 నుంచి 25 డిగ్రీల దాకా చల్లగా ఉండొచ్చు. కాబట్టి కొత్త మొక్క నాటే కార్యక్రమం కంటే ముందు ఉన్న చెట్లని బతికించండి. మొదలు చుట్టూ సిమెంట్ వేసేసిన చెట్టుకి కనీసం మీటర్ చదరాన మట్టి తెరిపించండి, నీళ్లూ గాలీ లోపలికి వెళ్తాయి. కాండానికి కొట్టిన మేకులు, బోర్డులు, బిగించి కట్టిన తీగలు తీసెయ్యండి, తీగ చెట్టు లావయ్యే కొద్దీ లోపలికి కోసుకుపోతుంది. చెట్టు మొదలు చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, కానీ కాండానికి తగలకుండా నాలుగు వేళ్లు ఖాళీ వదలండి, తగిలితే బెరడు కుళ్లుతుంది.

కొత్తది నాటేటట్టయితే పైన కరెంటు తీగలున్నాయా చూడండి, ఉంటే పొట్టిగా పెరిగే రకం. మీ ప్రాంతంలో సహజంగా పెరిగే జాతి అయితే పక్షులకి, పురుగులకి కూడా పనికొస్తుంది. మొదటి రెండేళ్లు ఎండల్లో వారానికి రెండుసార్లు నెమ్మదిగా ఇంకేలా నీళ్లు పొయ్యాలి. రోజూ ఒక చెంబు పోస్తే వేర్లు పైపైనే ఉండిపోతాయి, అడుగున సన్న రంధ్రం పెట్టిన 20 లీటర్ల డబ్బా పక్కన పెడితే అదే చూసుకుంటుంది. ఎవరు పోస్తారో పేరు రాసుకోకుండా మాత్రం మొక్క నాటొద్దు, ఫోటో దిగాక ఎండిపోయిన మొక్కలు ఎన్ని చూశామో.

స్టెప్ 10: ఇక కాలనీలోకి

ఒక్క ఇల్లు చేసేది ఒక్క ఇంటిదే, అందుకే ఈ స్టెప్ కష్టమైనా వదలొద్దు. గ్రూప్‌లో పెద్ద పెద్ద మెసేజ్‌లు పెడితే ఎవరూ చదవరు, "మీరంతా ఇలా చెయ్యట్లేదు" అన్న టోన్ ఉంటే అస్సలు చదవరు. నేను రెండేళ్లు ఆ తప్పు చేశాను. పనిచేసింది ఏంటంటే, అందరికీ ఇబ్బందిగా ఉన్న ఒకే ఒక్క విషయం పట్టుకోవడం. మా దగ్గర అది ఊడ్చిన ఆకులు తగలబెట్టడం. ఆ పొగలోని సన్నటి కణాలు ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆ రోజంతా నరకం, కాబట్టి ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది.

ఇలా చెయ్యండి. పార్క్ మూలనో, పార్కింగ్ వెనకో ఒక మీటర్ అడ్డకొలత, మీటర్ ఎత్తు వచ్చేలా ఇనప మెష్‌ని గుండ్రంగా చుట్టి నిలబెట్టండి. అంతే, ఆకుల కంపోస్ట్ బుట్ట రెడీ. ఆకులు వేస్తూ తొక్కుతూ అప్పుడప్పుడూ నీళ్లు చల్లితే ఆరు నెలల నుంచి సంవత్సరంలో నల్లటి ఆకు ఎరువు వస్తుంది. ముందు ఊడ్చేవాళ్లతో కూర్చుని మాట్లాడండి, మెష్ వాళ్ల బండి దారిలో ఉండాలి, దూరంగా పెడితే పని పెరిగి మళ్లీ అగ్గిపెట్టే తీస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇంకో లాభం, ఇంట్లో కంపోస్ట్ చేసేవాళ్లందరికీ ఎండుటాకుల స్టాక్ ఇక్కడే దొరుకుతుంది.

అది కుదిరాక మూడు నెలలకోసారి బ్యాటరీలు, పాత ఛార్జర్లు, పాడైన ఫోన్లు ఒకచోట పోగుచేసి అధికారికంగా తీసుకునే ఈ-వేస్ట్ సెంటర్‌కి పంపండి. ఒక్కో ఇంటి నుంచి నాలుగు బ్యాటరీలకి ఎవరూ రారు, యాభై ఇళ్లవి కలిపితే వస్తారు. డ్రిల్లింగ్ మెషీన్, నిచ్చెన, పెద్ద గిన్నెలు, కుట్టు మిషన్ లాంటివి ఎవరి దగ్గర ఉన్నాయో ఒక లిస్ట్ రాసి లిఫ్ట్ దగ్గర అంటించండి, ఇంటికొకటి కొనాల్సిన అవసరం ఏముంది. రిపేర్ రోజు కూడా పెట్టొచ్చు, 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినే పోస్త్మా అనే ఆవిడ మొదలుపెట్టిన రిపేర్ కేఫ్ ఐడియా ఇదే, పాడైన వస్తువు పట్టుకొస్తే అక్కడున్న వలంటీర్లు, దాని ఓనరు కలిసి బాగుచేస్తారు. ప్రతి బిల్డింగ్‌లోనూ రిటైరైన ఎలక్ట్రీషియనో, స్క్రూడ్రైవర్ చూస్తే ఆగలేని పెద్దాయనో ఒకరుంటారు, ఆయన్ని ఒక్కసారి అడగండి చాలు.

మూడు నెలలయ్యాక ఆ నోట్‌బుక్ మళ్లీ తియ్యండి, ఒక వారం మళ్లీ తూచండి, మీటర్ ఫోటోలు మళ్లీ తియ్యండి. మా ఇంట్లో మొదటి వారం చెత్త 9 కేజీలు, మూడు నెలల తర్వాత రెండున్నర. కరెంటు మాత్రం అనుకున్నంత తగ్గలేదు, వెతికితే మా నాన్న గది గీజర్ దొరికింది, దానికిప్పుడు టైమర్ బిగించాం.